అయిదు అంకె మీది చుక్క: చూపులేనివారి ఫోను గురించి

(బెంగళూరులో ఒక ఆదివారం తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాము. తడబాట్లు తప్ప మాటలేవీ తీసివేయలేదు.)

సభకు నమస్కారం. మొదలుపెట్టే ముందు మనం ఒక చిన్న ఏర్పాటు చేసుకుందాం. నేను మధ్యమధ్యలో మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతాను. దయచేసి తలలు ఊపకండి, చేతులు ఎత్తకండి. ఆ రెండూ నాకు అందవు. అవునంటే అవునని, కాదంటే కాదని నోటితో చెప్పండి. సరేనా? మంచిది. ముందు వరుసవారు పలికారు. వెనుక వరుసవారు ఇంకా తలలే ఊపుతున్నారని అనుకుంటాను.

మాది కదిరి దగ్గర పల్లె. నాకు చిన్నప్పటి నుంచి రేచీకటి. దీపాలు పెట్టే వేళ దాటితే గోడ పట్టుకుని నడిచేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు మునగాకు, క్యారెట్లు తినిపించి చూశారు. అది తిండి వల్ల వచ్చింది కాదని, దాని పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా అని, కంటి వెనుక పొర అయిన రెటీనాలోని కణాలు అంచుల నుంచి లోపలికి ఒక్కొక్కటిగా ఆరిపోతూ వస్తాయని, చివరికి గొట్టంలోంచి చూసినట్టు చూపు ఇరుకైపోతుందని తెలిసేసరికి నేను ఇంజనీరింగులో ఉన్నాను. ముప్పై రెండో ఏట ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. ఈ ఊళ్ళోనే ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, యాప్‌లు చూపులేనివారికి పనికివస్తాయో లేదో పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఆదివారాలు మారతహళ్ళిలో మా ఇంటి వరండాలో, కొత్తగా చూపు పోయిన పెద్దవాళ్ళకు ఫోను నేర్పుతాను. ఈ రెండు పనుల్లో నాకు ఏది ఎక్కువ నేర్పిందని అడిగితే వరండా అనే చెబుతాను.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘చూపులేనివారికి సులభమైన యాప్‌లు’. ఇందులో ‘సులభమైన’ అనే మాటతో నాకు చాలాకాలంగా తగాదా ఉంది. ఆ తగాదా ఏమిటో చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముందు మీరు ఒకటి వినాలి. నా ఫోనును మైకు దగ్గర పెడుతున్నాను. విన్నారా? ఏమైనా అర్థమైందా? కోడిపిల్లలు అరిచినట్టుందని ఎవరో అన్నారు. బాగుంది. అది తెలుగే, నేను రోజూ వినే వేగం అది. ఇప్పుడు తగ్గిస్తున్నాను, మళ్ళీ వినండి. ‘మెసేజీలు, మూడు చదవనివి, తెరవడానికి రెండుసార్లు తట్టండి.’ ఇప్పుడు అర్థమైంది కదా? దీని పేరు టాక్‌బ్యాక్. మీ అందరి ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దాదాపుగా ఇది ముందే ఉంటుంది, కొనవలసిన పనిలేదు. ఐఫోన్‌లో దీనికి తోబుట్టువు వాయిస్‌ఓవర్. అద్దం మీద వేలు కదిలిస్తే వేలి కింద ఏముందో అది పలుకుతుంది. వేలు కుడికి జరిపితే తరువాతి వస్తువు దగ్గరికి, ఎడమకు జరిపితే వెనుకటి దాని దగ్గరికి వెళుతుంది. కావలసింది వినిపించాక అద్దం మీద ఎక్కడైనా సరే రెండుసార్లు తట్టితే అది తెరుచుకుంటుంది. మూలసూత్రం ఇంతే.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. మీలో పాత మీటల ఫోను వాడినవారు ఎంతమంది ఉన్నారు? నోటితో చెప్పండి. అందరూ ఉన్నారు. ఆ ఫోనులో అయిదు అంకె మీట మీద ఏముండేదో గుర్తుందా? ఒక చిన్న చుక్క, లేకపోతే ఒక చిన్న గీత. మీలో చాలామంది దాన్ని పట్టించుకుని ఉండరు. నాకు ఆ చుక్క ఊరి మధ్యలోని రచ్చబండ లాంటిది. బొటనవేలికి అది తగిలిందంటే పైన రెండు, కింద ఎనిమిది, ఎడమన నాలుగు, కుడిన ఆరు. పన్నెండు మీటలకు పన్నెండు గుర్తులు అక్కరలేదు, ఒక్క చుక్క చాలు. ఆ ఒక్క చుక్క మిగిలిన పదకొండింటికీ చిరునామా ఇచ్చింది.

అటువంటి సమయంలో అద్దం ఫోన్లు, అదే టచ్ స్క్రీన్ ఫోన్లు, వచ్చాయి. అద్దం మీద చుక్క ఏది? మీట ఏది? మాలో చాలామందికి అప్పుడు వచ్చిన ఆలోచన, ఇక మన కథ ముగిసిందనే. అయితే 2009లో రెండు సంగతులు జరిగాయి. ఆపిల్ ఐఫోన్ 3జీఎస్‌లో వాయిస్‌ఓవర్ పెట్టింది. గూగుల్ ఆండ్రాయిడ్‌కు టాక్‌బ్యాక్ తెచ్చింది. అంతకుముందు మాట్లాడే ఫోను కావాలంటే దానికి సాఫ్ట్‌వేరును విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చేది.

గూగుల్‌లో ఆ రోజుల్లో పనిచేస్తున్న టి.వి. రామన్ గారి గురించి ఇక్కడ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆయన పుట్టింది పుణేలో. గ్లకోమా, అంటే నీటికాసుల జబ్బు వల్ల పధ్నాలుగో ఏట చూపు పోయింది. ఐఐటీ బొంబాయిలో చదివి, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. గణిత సమీకరణాలను కంప్యూటరు చదివి వినిపించే పద్ధతి మీద ఆయన పరిశోధన. అద్దం ఫోను మీద నంబరు ఎలా నొక్కాలనే చిక్కుకు ఆయన చూపిన దారి విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వేలు అద్దం మీద మొదట ఎక్కడ ఆనితే అదే అయిదు! అక్కడి నుంచి పైకి, ఎడమకు ఏటవాలుగా జరిపితే ఒకటి. కిందికి, కుడికి ఏటవాలుగా జరిపితే తొమ్మిది. తప్పు పడితే ఫోనును ఒకసారి ఊపితే ఆ అంకె చెరిగిపోతుంది.

ఆలోచించండి, ఆయన ఏం చేశారు? అంకెలను తగ్గించారా? లేదు, పదీ అలాగే ఉన్నాయి. మీటలను పెద్దవి చేశారా? అదీ లేదు. మనం అయిదును వెతుక్కుంటూ పోవడానికి బదులు, అయిదే మన వేలి కిందికి వచ్చేలా చేశారు. నా దృష్టిలో, దృష్టి అన్న మాట నేను వాడవచ్చు, మీరు నవ్వవచ్చు, నా దృష్టిలో సులభం చేయడమంటే అది.

దానికి భిన్నమైన దారి మరొకటి ఉంది, దాన్నీ గౌరవంగానే చెబుతాను. ఫోనులోని వందల వస్తువులను దాచిపెట్టి, అయిదారింటినే పెద్ద పెద్ద గడులలో ముందు పెట్టే యాప్‌లు. 2012లో బ్రిటన్‌లో జార్జీ అనే యాప్‌ల కట్ట వచ్చింది. తయారుచేయించినవారు విల్సన్ హైండ్స్ దంపతులు, ఇద్దరికీ చూపు లేదు. ఫోన్ చేయడం, మెసేజీ వినడం, బస్సు సమాచారం తెలుసుకోవడం, అచ్చు కాగితం చదివించుకోవడం వంటి పనులు అందులో విడివిడిగా, మాట్లాడే గడులుగా ఉండేవి. చెక్ దేశంలో పుట్టిన బ్లైండ్‌షెల్‌ది మరీ ఆసక్తికరమైన కథ. అది టచ్ స్క్రీన్‌ను కొద్దిపాటి వేలి సైగలకు కుదించే ప్రయత్నంగా మొదలై, కొంతకాలానికి నిజమైన మీటలున్న ఫోనుగా మారింది. తిరిగి తిరిగి అయిదు మీది చుక్క దగ్గరికే వచ్చిందన్నమాట.

ఇటువంటి యాప్‌లను నేను మొదట్లో చిన్నచూపు చూసేవాణ్ణి. పూర్తి ఫోను చేతిలో ఉండగా బొమ్మ ఫోను ఎందుకని నా వాదన. నా గర్వం అణిగింది మా చిన్నమ్మ వల్ల.

మా చిన్నమ్మకు షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని అరవై నాలుగో ఏట చూపు పోయింది. కదిరి నుంచి కొడుకు ఇంటికి, ఇక్కడికి మారతహళ్ళికి వచ్చేసింది. నేను సంబరంగా టాక్‌బ్యాక్ పెట్టిన ఫోను తెచ్చి చేతికిచ్చాను. ‘రెండుసార్లు తట్టు చిన్నమ్మా’ అన్నాను. ‘ఇది తలుపా నాయనా, తట్టేదానికి?’ అంది. తట్టింది. నిజంగానే తలుపు తట్టినట్టు, కణుపులతో తట్టింది. వేలి కొనతో అని చెప్పాను. అప్పుడూ ఫోను పలకలేదు. తట్టుకూ తట్టుకూ మధ్య ఆమె ఒక ఊపిరి తీసుకునేది. ఫోను దాన్ని రెండు విడి తట్లుగా లెక్కపెట్టేది. పైగా నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర, తొట్టి దగ్గర అరిగి ఎండిపోయిన వేళ్ళు ఆమెవి. అద్దం ఫోను వేలి బరువును చూడదు. చర్మం గుండా జరిగే విద్యుత్తు మార్పును పసిగడుతుంది. చర్మం మరీ పొడిబారితే దానికి వేలు వచ్చినట్టే తెలియదు. తడిగుడ్డ పక్కన పెట్టుకుని వేలు తుడుచుకుంటూ నేర్చుకుంది పాపం.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఒక్కోసారి ఆమె వేలు జరిపితే పేరు పలకడానికి బదులు తెర మొత్తం దొర్లిపోయేది. మూడు వారాలు నాకు కారణం తెలియలేదు. ఒకరోజు ఆమె రెండు చేతులనూ నా చేతులతో తడిమి చూశాను. ఫోను జారిపోతుందనే భయంతో ఎడమచేతి బొటనవేలిని అద్దం అంచు మీదికి తెచ్చి గట్టిగా అదిమి పట్టుకుంటోంది. అంటే ఫోనుకు తెలుస్తున్నది ఒక వేలు కాదు, రెండు! రెండు వేళ్ళు జరిపితే పేజీ దొర్లాలని దానికి నేర్పారు, అది దొర్లిస్తోంది. ఫోను తప్పు లేదు, చిన్నమ్మ తప్పు లేదు. ఆ తెర గీసినవారికి చిన్నమ్మ ఫోను పట్టుకునే తీరు తెలియదు, అంతే.

ఈలోగా ఆమె విసిగిపోయి ఫోనును బియ్యం డబ్బా వెనక పెట్టేసింది. అప్పుడు నేను ఓటమి ఒప్పుకుని, ఆరు గడుల యాప్ ఒకటి పెట్టాను. ఫోన్ చేయడం, ఎవరు చేశారో వినడం, టైము, నోటు గుర్తుపట్టడం, పాటలు, సహాయం. గడి మీద వేలు ఆనించి ఉంచితే పేరు పలుకుతుంది, ఇంకాస్త ఉంచితే తెరుచుకుంటుంది. తట్టే పనే లేదు. నాలుగు రోజుల్లో ఆమె ఫోనుకు యజమానురాలు అయిపోయింది. పొద్దున్నే కదిరికి ఫోను, మధ్యాహ్నం అన్నమయ్య కీర్తనలు. నా వాదన వీగిపోయింది, నేనూ సంతోషించాను.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఇంట్లో అందరూ అమెరికాలోని మనవరాలు వాట్సాప్‌లో పంపిన మాటలు వింటున్నారు. చిన్నమ్మ నన్ను పిలిచి అడిగింది: ‘అందరి ఫోన్లలోకీ వచ్చే పాప గొంతు నా ఫోన్లోకి ఎందుకు రాదు నాయనా? దీనికి చెవుల్లేవా?’

ఆ ఆరు గడులలో వాట్సాప్ లేదు. ఆమెకు ఏం కావాలో మేమే ఆరుగా లెక్కవేసి ఇచ్చాము. ఏడోది అడిగే వీలు ఆమెకు ఇవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ‘సులభమైన’ అనే మాటతో నాకు తగాదా ఉందన్నాను కదా, అది ఇదే. సులభం చేస్తున్నామని చెప్పి మనం ఎన్నిసార్లు తగ్గించేస్తున్నాం? ఎవరిని అడిగి తగ్గిస్తున్నాం?

మీ ఇళ్ళలో పోపుల పెట్టె ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, ఎండుమిర్చి... మా చిన్నమ్మకు చూపు పోయాక కూడా ఆ పెట్టెలో చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. ఆ పెట్టెను ఆమెకు సులభం చేయాలంటే ఏం చేయాలి? మెంతుల గిన్నె తీసేయాలా? అప్పుడు పులుసులోకి మెంతులు ఎక్కడి నుంచి వస్తాయి? ఎక్కడి గిన్నె అక్కడే ఉంటే చాలు. కోడలు పొరపాటున ఆవాల గిన్నె, జీలకర్ర గిన్నె అటూ ఇటూ మార్చిన రోజున ఇంట్లో ఏమైందో మీకు వేరే చెప్పక్కరలేదు.

యాప్‌ల తయారీదార్లు ఆ కోడలి పనిని నెలకు రెండుసార్లు చేస్తారు. దాని పేరు అప్‌డేట్. నేను వాడే ఒక బ్యాంకు యాప్‌లో తెర కింది అంచున అయిదు బొమ్మలుండేవి. చూపున్నవారికి అవి ఇల్లు, చేతులు, కార్డు వగైరా. నాకు అయిదింటికీ ఒకటే పేరు వినిపించేది: ‘బటన్, బటన్, బటన్, బటన్, బటన్.’ తయారుచేసినవారు వాటికి పేర్లు రాయలేదు. నేను లెక్కపెట్టుకుని పెట్టుకున్నాను. డబ్బు పంపేది మూడో బటన్. ఏడాదిపాటు మూడో బటనే నా బ్యాంకు. ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. మూడో స్థానంలో వాళ్ళు కొత్త ప్రకటన బొమ్మ దూర్చారు. ప్లంబరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, నేను మూడో బటన్ తట్టాను, ఫోను నాకు వ్యక్తిగత రుణం ఇవ్వడానికి సిద్ధమైంది. అతను ఎనిమిది వందలు అడిగితే నేను ఎనిమిది లక్షలు అప్పు తీసుకోబోయాను!

ఈ సభలో యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నవారు ఎంతమంది? బెంగళూరులో తెలుగు సభ కాబట్టి సగం మందైనా ఉంటారని తెలిసే అడుగుతున్నాను. చూశారా, ఎంత మోగిందో. మీకే ఈ మాట. ఆండ్రాయిడ్‌లో ప్రతి బొమ్మకూ ‘కంటెంట్ డిస్క్రిప్షన్’ అని ఒక గడి ఉంటుంది. ఆ బొమ్మ ఏం చేస్తుందో అందులో ఒక మాట రాస్తే టాక్‌బ్యాక్ ఆ మాటే పలుకుతుంది. రాయకపోతే మీరు వాడే పనిముట్టే హెచ్చరిక కూడా చూపిస్తుంది. ఆ హెచ్చరికను పోగొట్టడానికి కొందరు ఆ గడిలో ‘బొమ్మ’ అని రాస్తారు. నేను ఉద్యోగంలో రోజూ చూసే ఘనకార్యం ఇది. మీ తలుపు మీద పేరుకు బదులు ‘తలుపు’ అని రాసిపెట్టుకుంటారా? అలాగే, నొక్కవలసిన ప్రతి చోటూ కనీసం 48 డీపీల వెడల్పు, ఎత్తు ఉండాలని గూగుల్ సూచన. డీపీ అనేది తెర మీది కొలత. 48 డీపీలంటే సుమారు తొమ్మిది మిల్లీమీటర్లు, ఒక మనిషి వేలి కొనంత. ఎవరి కోసం పెట్టిన సూచన అది? మన వేళ్ళ కోసం, వణికే వేళ్ళ కోసం, కుదుపుల బస్సులో నిలబడ్డవారి వేళ్ళ కోసం.

కొద్దిగా చూపున్నవారి సంగతి వేరు, దాన్ని ఇక్కడ తొందరగానే దాటుతాను. వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, రెండు కళ్ళలో మెరుగైన కంటిలో అద్దాలు పెట్టాక కూడా చూపు 6/18కి మించకుండా 3/60 దాకా ఉన్నవారిని మందదృష్టి ఉన్నవారంటాం. 6/18 అంటే, మామూలు కన్ను పద్దెనిమిది మీటర్ల దూరం నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గాని చదవలేకపోవడం. వీరికి మాట్లాడే ఫోను కంటే పెద్ద అక్షరాలు, నలుపు మీద తెలుపు, కళ్ళకు గుచ్చుకోని వెలుగు ముఖ్యం. ఫోనులో అక్షరం సైజు పెంచగానే యాప్‌లలో మాటలు సగానికి తెగిపోయి, ‘చెల్లించండి’ అన్నది ‘చెల్లిం’ దగ్గర ఆగిపోవడం వీరి నిత్యబాధ.

డబ్బు దగ్గరికి వద్దాం. పాత అయిదు వందల నోటు పొడవు 167 మిల్లీమీటర్లు, వంద నోటు 157. వేలికి తేడా తెలిసేది. 2016 చివరి నుంచి వచ్చిన నోట్లలో అయిదు వందలది 150, రెండు వందలది 146, వందది 142. వెడల్పు మూడింటికీ ఒకటే, 66. నాలుగేసి మిల్లీమీటర్ల తేడాను, నలిగిన నోటు మీద, బస్సులో, కండక్టరు ముందు, మీరు వేలితో కొలిచి చెప్పగలరా? అంచున ఉబ్బెత్తు గీతలున్న మాట నిజమే, అయిదు వందలకు అయిదు గీతలు. కొత్త నోటు మీద వేలికి తెలుస్తాయి. చేపల మార్కెట్‌కు వెళ్ళి వచ్చిన నోటు మీద తెలియవు.

రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న మణి అనే యాప్ తెచ్చింది. నోటును కెమెరా ముందు పెడితే ఎంతదో పలుకుతుంది. మడిచిన నోటునైనా గుర్తుపడుతుంది, ఇంటర్నెట్ అక్కరలేదు. అసలు నోటో నకిలీదో మాత్రం చెప్పదు, చెబుతానని కూడా అనదు. ఒకటే పని, ఆ పని తెరవగానే మొదలవుతుంది. సులభమైన యాప్ అనే మాటకు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఉదాహరణల్లో ఇదొకటి. డెన్మార్క్‌లో హాన్స్ యోర్గెన్ వీబెర్గ్ ఆలోచనతో 2015లో వచ్చిన బీ మై ఐస్ రెండోది. ఆయనకూ చూపు తక్కువే. యాప్ తెరిస్తే వాలంటీరును పిలిచే పెద్ద బటన్. నొక్కితే ఎక్కడో ఉన్న చూపున్న మనిషి వీడియో కాల్‌లోకి వచ్చి, మన కెమెరా ముందున్నదేమిటో చెబుతారు. భాషను బట్టి వాలంటీర్లను కలుపుతుంది కాబట్టి, మీరు అందులో తెలుగు భాష ఎంచుకుని పేరు నమోదు చేసుకుంటే మా చిన్నమ్మ లాంటివారి కాల్ మీకు రావచ్చు.

ఇక, మా కోసం ఎవరూ తయారుచేయకుండానే మాకు అన్నింటికంటే ఎక్కువ పనికివచ్చిన వస్తువు ఏమిటో ఊహించగలరా? దుకాణంలో డబ్బు అందిందని అరిచే పెట్టె! మా వీధి మొదట్లోని దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, ఖారాబాత్, కాఫీ తీసుకుని ఫోనుతో డబ్బు పంపుతాను. నా ఫోను ఏం చెప్పిందో ఆ గోలలో నాకు వినబడదు. ఆ పెట్టె మాత్రం కన్నడంలో గట్టిగా ‘నలవత్తు రూపాయి’ అంటుంది. దుకాణదారుడికి వినిపించింది, నాకూ వినిపించింది, మా మధ్య ఇక అనుమానం లేదు. అయితే అంతకుముందు క్యూఆర్ కోడ్ ఎక్కడుందో వెతకడం మాత్రం ఇప్పటికీ నరకమే. దుకాణదారుడు నా మణికట్టు పట్టుకుని, గాజుల అంగట్లో చెయ్యి తిప్పినట్టు తిప్పుతాడు. అందుకే నేను ఫోన్ నంబరు అడిగి పంపిస్తాను.

ఒక ఆర్థిక సంస్థలో నేను ఖాతా తెరవబోయిన వైనం కూడా చెప్పాలి. ముఖాన్ని గుండ్రటి గడిలో పెట్టమంది. పెట్టాను, అంటే మా ఆవిడ ఫోను పట్టుకుని పెట్టించింది. తరువాత ఫోను మౌనం. ఏమీ పలకదు. తెర మీద ‘కనురెప్పలు ఆర్పండి’ అని రాసి వచ్చిందట! చూపులేనివాణ్ణి రెప్పలార్పమని అడగడమే కాకుండా, ఆ మాట కళ్ళతో చదువుకోమంటోంది. ఆవిడ చదివి చెప్పేసరికి గడువు దాటింది. మళ్ళీ మొదటికి. నాలుగోసారి నాకు నవ్వు వచ్చింది, నవ్వకూడదని అప్లికేషను తిరస్కరించింది.

ఇది నా ఒక్కడి గోడు కాదని తరువాత తెలిసింది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ గారు, చూపులేని న్యాయవాది అమర్ జైన్ గారు వేసిన పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, మనిషి బతికే ఉన్నాడని నిర్ధారించడానికి రెప్పలార్పడం ఒక్కటే దారి కాకూడదని కూడా కలుపుకుని ఇరవై ఆదేశాలు ఇచ్చింది. డిజిటల్ సేవలు వికలాంగులకు అందేలా ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో అప్పటికే ఉంది. అమలుకు కోర్టు గుమ్మం ఎక్కవలసి వచ్చింది. 2011 జనగణనలోనే చూపు సమస్య ఉన్నవారు 50 లక్షలకు పైగా తేలారు. వీళ్ళందరికీ విడిగా ఒక ‘చూపులేనివారి బ్యాంకు యాప్’ పెడితే సరిపోతుంది కదా అని నన్ను అడిగేవారున్నారు. పెడతారు. మొదటి ఏడాది బాగా చూస్తారు. రెండో ఏడాది అసలు యాప్‌లో కొత్త సౌకర్యం వస్తుంది, దీనిలో రాదు. మూడో ఏడాది దీన్ని చూసుకునే ఉద్యోగి మరో సంస్థకు వెళ్ళిపోతాడు. ఇటువంటి యాప్‌ల కర్మకాండలు నేను చాలా చూశాను. అందుకే నా పట్టు, ఉన్న యాప్‌కే పేర్లు పెట్టండి, వరుస కుదర్చండి.

భాష గురించి ఒక్క మాట. ఈ ఊళ్ళో మన ఫోనుకు మూడు భాషలు రావాలి. కరెంటు బిల్లు ఇంగ్లీషులో వస్తుంది, అపార్ట్‌మెంటు కాపలాదారు కన్నడంలో పంపుతాడు, ఇంటివాళ్ళు తెలుగులో రాస్తారు. తెలుగులో రాస్తారని అన్నాను కానీ, నిజంగా తెలుగులో రాస్తున్నామా? ‘ఎలా ఉన్నారు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. దాన్ని ఇంగ్లీషు గొంతు ‘ఈలా అనారూ’ అని చదువుతుంది. మా మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బావమరిది పంపిన మెసేజీలో మనిషి బాగున్నాడో లేడో తెలుసుకోవడానికి నేను అక్షరం అక్షరం వేలితో జరిపి కూడబలుక్కున్నాను. తెలుగు లిపిలో రాయండి, లేదంటే గొంతు రికార్డు చేసి పంపండి. ఇక రోజూ పొద్దున గులాబీ పువ్వు మీద సుభాషితం రాసి పంపే పెద్దలకు ఒక విన్నపం. నాకు వినిపించేది ‘ఫోటో’ అని మాత్రమే. దాని కింద పన్నెండు దండాల బొమ్మలు పెడితే, ‘చేతులు జోడించారు, చేతులు జోడించారు’ అని అది పన్నెండుసార్లూ చదువుతుంది. ఒక్క దండం చాలు, స్వీకరిస్తాను.

కృత్రిమ మేధ వచ్చింది కదా, ఇక బాధ ఏమిటని అడుగుతారు. నిజంగానే గొప్ప మేలు జరుగుతోంది. గదిలో ఏమున్నాయో, ఉత్తరంలో ఏముందో వర్ణించి చెబుతోంది. కానీ మందుల షాపులో మాత్రల పట్టీని కత్తిరించి ఆరు మాత్రలు ఇస్తారు చూడండి, ఆ కత్తిరింపులో మందు పేరు సగం, గడువు తేదీ మొత్తం షాపులోనే ఉండిపోతాయి. మిగిలిన ముక్కను చూపిస్తే మామూలు కెమెరా యాప్ ‘సరిగా కనిపించడం లేదు’ అంటుంది. తెలివైన యాప్ ఒక్కోసారి, ఏమాత్రం తడబడకుండా, లేని పేరు చెబుతుంది. నాకు మొదటిదే నయం. మందుల విషయంలో నేను ఇప్పటికీ పట్టీకి రబ్బరు బ్యాండ్లు చుడతాను. ఒకటి ఉంటే పొద్దున, రెండు ఉంటే రాత్రి.

మా చిన్నమ్మ సంగతి మిగిలింది కదా. ఆరు గడులూ అలాగే ఉంచాను. ఏడో గడి పెట్టాను, దాని మీద వేలు ఆనించి ఉంచితే మామూలు ఫోనులోని వాట్సాప్‌లోకి వెళుతుంది. అక్కడ ఆమెకు రెండే సైగలు నేర్పాను. కుడికి జరపడం, తట్టడం. భయం వేస్తే హోమ్ నొక్కి ఇంటికి వచ్చేయమన్నాను. పాప గొంతు వింటోంది. ఎనిమిదో గడి ఏమిటో ఆమె ఇంకా తేల్చలేదు. పంచాంగం అడుగుతోంది, వార్తలూ అడుగుతోంది.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్. ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, మీ ఇంట్లో ఎవరికైనా ఒక్క ఫోన్ చేయండి. మోసం చేసి కళ్ళు తెరిస్తే నాకు తెలియదు, అది మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. చాలా ఫోన్లలో వాల్యూమ్ మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కిపట్టుకుంటే అది ఆగిపోతుంది. ఆగకపోతే కంగారుపడకండి. భోజనాల దగ్గర ఎడమవైపు బల్ల మీద కూర్చుంటాను, ఫోను పట్టుకుని అక్కడికి రండి.